వెలుగు పెరిగిందా, మనవైపు తిరిగిందా?

అక్టోబరు నడిమిలో, మబ్బు విడిచిన రాత్రి ఎనిమిదిన్నర వేళ శ్రీకాకుళంలో ఏ డాబా ఎక్కి ఉత్తరానికి తిరిగినా, నడినెత్తికి కాస్త దిగువగా, హంస మండలానికీ శర్మిష్ఠకీ నడుమ పెద్ద చుక్కలేవీ లేని జాగా ఒకటి కనిపిస్తుంది. దాని పేరు లాసెర్టా, అంటే బల్లి. అందులో కంటికి ఆనని చుక్క ఒకటుంది. 1929లో జర్మన్ ఖగోళవేత్త కూనో హాఫ్‌మైస్టర్ దాని వెలుగు మారుతోందని పట్టుకుని, వెలుగు మారే నక్షత్రాల జాబితాలోకి ఎక్కించాడు. ఆ జాబితా పద్ధతి ప్రకారం దానికి బీఎల్ లాసెర్టే అని పేరు పెట్టారు. దాదాపు నలభై ఏళ్లు అది నక్షత్రంగానే చలామణీ అయింది. 1968లో సరిగ్గా అదే చోటు నుంచి బలమైన రేడియో తరంగాలు వస్తున్నాయని తేలాక అనుమానం మొదలైంది. మామూలు నక్షత్రం అంత జోరుగా రేడియో తరంగాలు పంపదు. 1974లో దాని దూరం తెలిసింది. సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరాలు! మన పాలపుంతలోని చుక్క అనుకున్నది ఒక గెలాక్సీ నడిబొడ్డు.

అంత దూరంలోని గెలాక్సీ వెలుగు రాత్రికి రాత్రి మారడమే అసలు చిక్కు. 2020 ఆగస్టులో ఇదే బీఎల్ లాసెర్టే అప్పటిదాకా నమోదైన ప్రకాశాలన్నిటినీ దాటి మెరిసింది. మామూలు రోజుల్లో పెద్ద టెలిస్కోపులకే అప్పజెప్పే ఈ వస్తువు, చీకటి చోట ఆరు అంగుళాల టెలిస్కోపులో కంటికి అందేంతగా పెరిగింది. లక్ష కాంతి సంవత్సరాల వెడల్పుండే గెలాక్సీ, నిన్న ఒకలా నేడు ఒకలా ఎలా వెలుగుతుంది?

ముందు ఇలాంటి గెలాక్సీలంటే ఏమిటో రెండు ముక్కలు. పెద్ద గెలాక్సీల్లో దాదాపు ప్రతిదానికీ నడుమ ఒక భారీ కృష్ణబిలం ఉంటుంది. దాని బరువు కొన్ని లక్షల సూర్యుల నుంచి వందల కోట్ల సూర్యుల దాకా ఉండొచ్చు. చాలావాటిలో అది ఊరికే పడి ఉంటుంది, మన పాలపుంతలో ఉన్నది కూడా అలాంటిదే. కొన్నిటిలో మాత్రం చుట్టూ ఉన్న వాయువు దానిలోకి సుడి తిరుగుతూ పడుతుంది. పడేటప్పుడు రాపిడికి వేడెక్కి పళ్లెంలా పరుచుకుని వెలుగుతుంది. వాటిని క్రియాశీల గెలాక్సీలంటారు. అలాంటి వాటిలో కొన్ని తాము మింగబోయే పదార్థంలో కొంత భాగాన్ని రెండు వైపులా సన్నని ధారలుగా, కాంతి వేగానికి దగ్గరి వేగంతో బయటికి చిమ్ముతాయి. ఈ ధారను జెట్ అంటారు. ఆ జెట్ ఏ దిక్కుకైనా ఉండొచ్చు. కాకతాళీయంగా మనవైపే గురిపెట్టి ఉంటే ఆ గెలాక్సీని బ్లేజార్ అంటారు. బీఎల్ లాసెర్టే ఒక బ్లేజార్.

ఏదైనా బ్లేజార్ ఉన్నట్టుండి వెలిగిందని వార్త వస్తే అనుమానించాల్సినవి మూడున్నాయి. మధ్యలో ఉన్న మన గాలి, ఆ వెలుగు గురి, ఆ వెలుగు పుట్టిన చోటు. ఈ మూడూ వేర్వేరని అర్థం చేసుకోవడానికి మన అరసవల్లిని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఏటా మార్చిలో కొద్ది రోజులు, అక్టోబరు మొదట్లో కొద్ది రోజులు ఉదయపు కిరణాలు ద్వారాలు దాటి గర్భగుడిలోని ఆదిత్యుడి పాదాలను తాకుతాయి. ఆ రోజుల్లో సూర్యుడు కొత్తగా రగిలిందేమీ లేదు. మార్చిలో ఆ తేదీల్లోనూ అక్టోబరులో ఆ తేదీల్లోనూ ఆయన తూర్పున దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు కాబట్టి, కిరణాల దారీ గుడి ద్వారాల దారీ ఒక గీతలోకి వస్తాయంతే. ఆ పూట మబ్బు పట్టిందా, అదీ లేదు. చీకటితోనే క్యూ కట్టిన జనం ఉసూరుమంటూ వెనుదిరిగిన ఏళ్లూ ఉన్నాయి. పాదాల మీద వెలుగు పడిందా లేదా అన్నది చూసి సూర్యుడిలో ఏం జరిగిందో చెప్పబోతే ఎంత తప్పుతామో, బ్లేజార్ మెరుపును చూడగానే కృష్ణబిలానికి ఏదో అయిందని రాసేస్తే అంతే తప్పుతాం. తేడా ఒక్కటే. సూర్యుడి వెలుగు స్థిరం. బ్లేజార్ విషయంలో మూడూ మారతాయి.

ముందు మన గాలి సంగతి

మనది తీర ప్రాంతం. నవంబరు, డిసెంబరు నెలల్లో ఆకాశం కడిగినట్టుంటుంది కానీ, రాత్రి పది దాటేసరికి టెలిస్కోపు ముందు అద్దం మీద తేమ చేరుతుంది. చేత్తో తాకితే గానీ తెలియనంత పల్చటి పొర అది. కెమెరాలో మాత్రం చుక్కలన్నీ ఒక్కొక్కటిగా నీరసించిపోతాయి. హెయిర్ డ్రయ్యరుతో వెచ్చటి గాలి పట్టగానే మళ్లీ వెలుగుతాయి. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకడు ఓ రాత్రి స్క్రీన్ మీద అంకెలు పెరగడం చూసి, “మాస్టారూ, అది నిజంగా పెరిగిందా, లేపోతే మన తేమ ఆరిందా?” అన్నాడు. ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదే.

దానికి జవాబు చాలా సులువైన ఉపాయంలో ఉంది. బ్లేజార్‌ను ఒంటరిగా కొలవరు. అదే ఫొటోలో, పక్కనే ఉన్న, వెలుగు మారని నక్షత్రాలతో పోల్చి కొలుస్తారు. వాటిని పోలిక నక్షత్రాలంటారు. పేరున్న ప్రతి బ్లేజార్‌కూ ఏయే నక్షత్రాలతో పోల్చాలో పటాలున్నాయి. లెక్క ఎలా సాగుతుందో ఊహించిన అంకెలతో చూద్దాం. రాత్రి తొమ్మిదికి తీసిన ఫొటోలో కెమెరా లెక్క ప్రకారం బ్లేజార్ 20,000, మొదటి పోలిక నక్షత్రం 50,000, రెండోది 30,000. పదింటికి తీసిన దానిలో బ్లేజార్ 15,000, మొదటిది 30,000, రెండోది 18,000. పైపైన చూస్తే బ్లేజార్ తగ్గినట్టే. కానీ రెండు పోలిక నక్షత్రాల మధ్య నిష్పత్తి చూడండి. తొమ్మిదికీ 0.60, పదికీ 0.60. అంటే గాలి వాటి పొందికను చెడగొట్టలేదు, అన్నిటి మీదా ఒకేలా పరదా వేసింది. ఇక మొదటి నక్షత్రంతో పోలిస్తే బ్లేజార్ 0.40 నుంచి 0.50కి చేరింది. పల్చటి మబ్బు చాటున, అంకె తగ్గుతుండగానే, అది గంటలో నాలుగో వంతు పెరిగిందన్నమాట. రెండో నక్షత్రం అక్కడ ఉన్నది కాపలాకు. దాని నిష్పత్తి కూడా కదిలితే ఆ రాత్రి కొలతలను పక్కన పెట్టేయడమే.

ఈ పెరుగుదలను ఖగోళవేత్తలు మాగ్నిట్యూడ్ లెక్కలో చెబుతారు. అది తలకిందుల కొలత. అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు. అయిదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గా వంద రెట్లు. పైన చెప్పిన నాలుగో వంతు పెరుగుదల పావు మాగ్నిట్యూడ్ దరిదాపు. ఒక బ్లేజార్ 14 నుంచి 12కి వచ్చిందని చదివితే వెలుగు ఆరు రెట్ల పైచిలుకు పెరిగిందని అర్థం.

ఇంకో మెలిక ఉంది, దీన్ని కొత్తవాళ్లు గమనించరు. బీఎల్ లాసెర్టే, మార్కేరియన్ 421 లాంటి కాస్త దగ్గరి బ్లేజార్లలో మెరిసే కేంద్రం చుట్టూ దాని గెలాక్సీ తాలూకు మసక వెలుగు కూడా ఉంటుంది. గాలి కుదురుగా లేని రాత్రి చుక్కలు ఉబ్బుతాయి. అప్పుడు మనం కొలిచే వలయంలోకి గెలాక్సీ వెలుగు ఎంత పడిందో మారిపోతుంది. పోలిక నక్షత్రాల చుట్టూ గెలాక్సీ ఉండదు కాబట్టి నిష్పత్తి దానంతటదే జరిగిపోతుంది. బ్లేజార్ మారకుండానే మారినట్టు కనిపిస్తుంది. అందుకే నిమిషాల్లో మారిందనే మాట వినగానే ఆ రాత్రి గాలి ఎలా ఉందని అడగడం మర్యాద తప్పడం కాదు.

ఎంత వేగంగా మారితే అంత చిన్నది

గాలిని తప్పించాక మిగిలిన మార్పు నిజమైనదే. అది చెప్పే మొదటి సంగతి పరిమాణం. ఏ టెలిస్కోపూ విడదీసి చూడలేనంత చిన్న చోటును గడియారంతో కొలవొచ్చు. వెలిగే ప్రాంతం పెద్దదైతే, అదంతా ఒక్కసారే వెలిగినా మనకు ఒక్కసారే కనిపించదు. ముందువైపు వెలుగు ముందు వస్తుంది, వెనకవైపు వెలుగు ఆ ప్రాంతాన్ని దాటి రావాలి కాబట్టి ఆలస్యంగా వస్తుంది. ఒక రోజు వెడల్పున్న ప్రాంతం, అంటే కాంతి దాటడానికి రోజు పట్టే ప్రాంతం, గంటలో రెట్టింపు కాలేదు. మార్పు గంటలో జరిగిందంటే ఆ చోటు కాంతి గంటలో దాటేంత దూరం కన్నా పెద్దది కాకూడదు. ఆ దూరం 108 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి దగ్గర మొదలుపెడితే గురుడిని దాటి, శనిని చేరకముందే ఆగిపోయేంత.

1963లో మార్టెన్ ష్మిట్ 3సీ 273 అనే చుక్క నక్షత్రం కాదని, వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలి వస్తువని తేల్చినప్పుడు ఈ లెక్కే అందరినీ కంగారు పెట్టింది. అది ఇంచుమించు 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉండి కూడా 13వ మాగ్నిట్యూడ్ దరిదాపుల్లో వెలుగుతోంది, అంటే మొత్తం గెలాక్సీ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అదే ఏడాది హార్వర్డ్‌లో దాచిన పాత ఫొటో పలకలు తిరగేస్తే దాని వెలుగు ఏళ్ల తరబడి మారుతూనే ఉందని బయటపడింది. ఎవరూ చూడకముందే అది ఫొటోల్లో పడి ఉంది! వేల కోట్ల నక్షత్రాలను మించిన వెలుగు, అంత చిన్న చోటు నుంచి. కృష్ణబిలం తప్ప మరో దారి లేదన్న ఆలోచన క్రమంగా బలపడింది అక్కడి నుంచే.

గురి లెక్క

ఇప్పుడు రెండో అనుమానం. కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తే వస్తువు తన వెలుగును అన్ని వైపులా సమానంగా పంచదు. తను వెళ్లే దిక్కుకే పోగు చేసి పంపుతుంది. ఎంతగా అంటే, కాంతి వేగంలో 99.5 శాతం వేగంతో మనవైపు దూసుకొచ్చే ముద్ద ఒకటుందనుకుందాం. సరిగ్గా మన ముఖానికే వస్తుంటే దాని వెలుగు తరంగాల జోరు దాదాపు 20 రెట్లు హెచ్చుతుంది. మనకు కనిపించే ప్రకాశం ఆ అంకెకు నాలుగో ఘాతం దరిదాపుల్లో, అంటే లక్షన్నర రెట్ల పైన పెరుగుతుంది. అదే ముద్ద దారి మూడు డిగ్రీలు పక్కకు వాలితే ప్రకాశం రెండున్నర రెట్లు పడిపోతుంది. ఆరు డిగ్రీలకు కాస్త తక్కువ వాలితే పదిహేను రెట్లు పడిపోతుంది. లోపల ఏమీ మారలేదు. వేగం అదే, శక్తి అదే. చూపు వేళ్ల వెడల్పంత తిరిగింది, అంతే.

ఇది కాగితం మీది ఊహ అనుకోవద్దు. 1966లో మార్టిన్ రీస్ ఇలాంటి జెట్లలోని ముద్దలు కాంతి కన్నా వేగంగా కదులుతున్నట్టు భ్రమ కలిగిస్తాయని ముందే లెక్క కట్టి చెప్పాడు. 1970ల మొదట్లో, ఖండాలు దాటి దూరదూరంగా ఉన్న రేడియో టెలిస్కోపులను కలిపి చూస్తే 3సీ 273, 3సీ 279లలో అచ్చం అలాగే కనిపించింది. నిజంగా కాంతిని మించిపోవడం కాదు, మనవైపు దాదాపు కాంతి వేగంతో వస్తున్న వస్తువు తన పాత వెలుగును తనే తరుముకొస్తుంది కాబట్టి అలా కనిపిస్తుంది.

ఇదే తరుముడు సమయాన్ని కూడా నొక్కేస్తుంది. ముద్ద ఒక మెరుపు పంపి, తర్వాతి మెరుపు పంపేలోగా మొదటి మెరుపు వెంటే దాదాపు అంత దూరమూ వచ్చేస్తుంది. కాబట్టి రెండు మెరుపుల మధ్య ఎడం మన దగ్గరికి చేరేసరికి కుంచించుకుపోతుంది. హెచ్చు 20 రెట్లయితే, అక్కడ ఇరవై గంటలు పట్టిన మార్పు మనకు గంటలో జరిగినట్టుంటుంది. పైన చెప్పిన పరిమాణం లెక్కకు ఇక్కడ సవరణ చేసుకోవాలి. శని దాకా అన్నది కాస్తా దానికి ఇరవై రెట్ల చోటవుతుంది. అయినా గెలాక్సీ ముందు ధూళి కణమే.

ఇంత సవరణ చేసినా లొంగని సంగతి ఒకటుంది. 2006 జులైలో నమీబియాలోని హెస్ టెలిస్కోపులు పీకేఎస్ 2155-304 అనే బ్లేజార్ గామా కిరణాలను చూస్తున్నాయి. ఆ రాత్రి దాని వెలుగు సుమారు 200 సెకన్లలో, అంటే మూడు నిమిషాల చిల్లరలో పెరిగింది. దాని కృష్ణబిలం బరువు వంద కోట్ల సూర్యుల స్థాయిదని అంచనా. అంత బరువుకు కృష్ణబిలం వ్యాసార్ధమే కాంతి దాటడానికి రెండున్నర గంటలకు పైగా పడుతుంది. బిలం కన్నా చిన్న చోటు నుంచి మెరుపు రావాలంటే, జెట్ మొత్తం ఒకేసారి వెలిగిందని చెప్పడం కుదరదు. జెట్ లోపల ఇంకా వేగంగా పరుగెత్తే చిన్న చిన్న తునకలు ఉండాలి, వాటిలో ఒకటి సరిగ్గా మన కంటిలోకి గురిపెట్టి ఉండాలి. మెలిపడిన అయస్కాంత బలరేఖలు తెగి, మళ్లీ అతుక్కునేటప్పుడు ఇలాంటి తునకలు పుడతాయని ఒక వివరణ. నాకు నచ్చిన వివరణ ఇదే, కానీ నచ్చడం వేరు, తేలడం వేరు. 2015 జూన్‌లో 3సీ 279లో కూడా ఫెర్మీ ఉపగ్రహం నిమిషాల లెక్కన మారిన గామా మెరుపు పట్టింది. ఇది ఒక్కరోజు వింత కాదన్నమాట.

వెలుగు పుట్టిన చోట

జెట్ వెలుగు వేడి వల్ల వచ్చేది కాదు. అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ దాదాపు కాంతి వేగంతో పరుగెత్తే ఎలక్ట్రాన్లు దాన్ని విడుదల చేస్తాయి. అలాంటి వెలుగుకు ఒక ముద్ర ఉంటుంది, దాని తరంగాలు చాలావరకు ఒకే దిశలో ఊగుతాయి. దీన్నే ధ్రువణం అంటారు. మెరుపు వచ్చినప్పుడు ఆ ఊపు దిశ ఎటు తిరిగిందో చూస్తే, అక్కడి అయస్కాంత క్షేత్రం ఎలా ఉందో కొంత తెలుస్తుంది. వెలుగు ఎంత పెరిగిందని మాత్రమే రాసుకోవడం సగం పని. ఊపు ఎటు తిరిగిందన్నది మిగతా సగం.

ఎలక్ట్రాన్లకు అంత జోరు ఎక్కడిది? వేగంగా వచ్చే పదార్థం ముందు వెళుతున్న నిదానపు పదార్థాన్ని గుద్దితే ఒక తాకిడి అంచు ఏర్పడుతుందని, ఎలక్ట్రాన్లు ఆ అంచు దగ్గర శక్తి పుంజుకుంటాయని ఒక వాదన. 2021 డిసెంబరులో పైకెళ్లిన ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం మార్కేరియన్ 501 అనే బ్లేజార్ ఎక్స్-రే ధ్రువణాన్ని మొదటిసారి కొలిచింది. ఎక్స్-రేలలో అది సుమారు 10 శాతం, మామూలు కాంతిలో దానిలో సగమో అంతకన్నా తక్కువో. ఎక్స్-రేలు ఇచ్చే ఎలక్ట్రాన్లు త్వరగా శక్తి కోల్పోతాయి కాబట్టి తాకిడి అంచుకు దగ్గరలోనే, క్షేత్రం పద్ధతిగా ఉన్న చోటే వెలుగుతాయి. మిగతావి దూరం పోయాక, క్షేత్రం చిందరవందరైన చోట వెలుగుతాయి. 2022లో వచ్చిన ఈ ఫలితం తాకిడి వాదనకు బలం చేకూర్చింది. నిమిషాల మెరుపులకు ఒక కారణం, రోజుల మెరుపులకు మరో కారణం ఉండడంలో విచిత్రం లేదు.

మొదట్లో చెప్పిన బీఎల్ లాసెర్టే 2020 మెరుపు ఈ విషయంలో గొప్పగా ఉపయోగపడింది. భూమి చుట్టూ వేర్వేరు దేశాల టెలిస్కోపులు వంతులవారీగా దాన్ని విడవకుండా చూశాయి. పెద్ద మెరుపు మీద చిన్న ఊగిసలాట ఒకటి, ఇంచుమించు 13 గంటలకోసారి పెరిగి తగ్గుతూ కనిపించింది. మామూలు వెలుగులోనూ, ధ్రువణంలోనూ, గామా కిరణాల్లోనూ. జెట్‌లో అయస్కాంత క్షేత్రం మెలిపడి మడతపడిన చోట ఇలాంటి ఊగిసలాట రావచ్చని 2022లో ఆ బృందం రాసింది. ఒక్క దేశం రాత్రి పదో పన్నెండో గంటలు. పదమూడు గంటల ఊగిసలాటను ఒక్క ఊరి ఆకాశం నుంచి పట్టడం అసాధ్యం. బ్లేజార్లను ఇలా వంతులవారీగా చూసే అంతర్జాతీయ కూటమి 1997 నుంచే ఉంది. అమెరికాలో పగలున్నప్పుడు మనకు రాత్రి, కాబట్టి ఈ వరసలో మన రేఖాంశం ఖాళీగా ఉంటే లెక్కలో చిల్లు పడుతుంది.

మన దేశం ఆ ఖాళీని కొంత పూరిస్తూనే ఉంది. నైనితాల్ కొండ మీది 104 సెంటీమీటర్ల టెలిస్కోపుతో 1990ల నుంచి గోపాల్‌కృష్ణ, ఆయన సహచరులు ఒకే రాత్రిలో గంటల వ్యవధిలో జరిగే చిన్న మార్పులను ఓపిగ్గా కొలుస్తూ వచ్చారు. లద్దాఖ్‌లోని హాన్లేలో రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. అక్కడే 21 మీటర్ల అద్దంతో గామా కిరణాలను పసిగట్టే మేస్ టెలిస్కోపు 2024 అక్టోబరులో ప్రారంభమైంది. దాని నిర్మాణంలో హైదరాబాద్ ఈసీఐఎల్ చెయ్యి ఉంది. ఈ ఉత్తరాంధ్ర తీరానికీ ఆకాశం చూసిన వారసత్వం తక్కువేమీ కాదు. 19వ శతాబ్దంలోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత వేధశాల పెట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపాడు.

జెట్ గొడవ లేకుండా పెరిగేవి కూడా ఉన్నాయని మరవకూడదు. చుట్టూ ఉన్న పళ్లెంలోకి పదార్థం రాక హెచ్చుతగ్గులైతే గెలాక్సీ కేంద్రం ముఖమే మారిపోతుంది. 1ఈఎస్ 1927+654 అనే గెలాక్సీ 2017 చివర్లో ఉన్నట్టుండి పెరిగి, ఆ తర్వాత దాని ఎక్స్-రేలు దాదాపు ఆరిపోయి, మళ్లీ వచ్చాయి. కొన్ని సార్లు ఒక నక్షత్రమే కృష్ణబిలానికి మరీ దగ్గరగా వెళ్లి చిరిగి వెలుగుతుంది. అది వేరే కథ.

పుష్యమి పక్కన తగవు

మన నెత్తి మీదుగానే వెళ్లే బ్లేజార్ ఒకటుంది. ఓజే 287. మార్చి నడిమిలో రాత్రి తొమ్మిది దాటాక శ్రీకాకుళం, విజయనగరం వాసులకు దాదాపు సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. కర్కాటకంలోని పుష్యమి చుక్కల గుంపు నుంచి తూర్పుగా మూడు డిగ్రీల పైచిలుకు దూరం. 19వ శతాబ్దం చివరి నుంచి తీసిన ఫొటోల్లో దాని వెలుగు దొరుకుతుంది. ఆ పాత ఫొటోలన్నీ కూర్చి చూస్తే ఇంచుమించు 12 ఏళ్లకోసారి పెద్ద మెరుపు. ఫిన్లాండ్‌కు చెందిన సిల్లన్‌పా, వాల్టోనెన్ బృందం 1988లో దీనికి వివరణ ఇచ్చింది. నడుమ ఒకటి కాదు, రెండు కృష్ణబిలాలున్నాయని, చిన్నది పెద్దదాని పళ్లెంలోంచి దూసుకుపోయినప్పుడల్లా మెరుపు వస్తుందని. తర్వాతి మెరుపు 1994లో రావాలన్నారు, వచ్చింది. 2007లో చెప్పారు, వచ్చింది. పెద్ద బిలం 1,800 కోట్ల సూర్యుల బరువు, చిన్నది 15 కోట్ల సూర్యుల బరువు అని లెక్క తేల్చారు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన లంకేశ్వర్ డే, గోపకుమార్ ఆ లెక్కలను ఐన్‌స్టీన్ సిద్ధాంతంతో ఇంకా సానబెట్టారు. 2019 జులై 31న మెరుపు రావాలి. అప్పుడు ఓజే 287 భూమి నుంచి చూస్తే సూర్యుడి పక్కనే ఉంది, ఎవరికీ కనిపించదు. భూమికి వెనకగా, దూరంగా తిరుగుతున్న స్పిట్జర్ ఉపగ్రహానికి కనిపిస్తుంది. చూసింది. చెప్పిన వేళకు కొద్ది గంటల తేడాతో మెరుపు వచ్చింది.

ఇక్కడితో ఆపితే చాలా మంచి కథ. కానీ 2022 అక్టోబరులో రావాల్సిందన్న మెరుపు కనిపించలేదు. స్టెఫనీ కొమోసా నాయకత్వంలో ఏళ్లుగా దాన్ని కనిపెడుతున్న మరో బృందం, పెద్ద బిలం అసలు అంత బరువే కాదని, 10 కోట్ల సూర్యుల స్థాయిదని 2023లో రాసింది. మొదటి బృందం తమ లెక్క సవరించుకుంటూ రెండు బిలాల వాదనను వదలలేదు. నా మటుకు నాకు 2019 సంగతిని కాకతాళీయమని కొట్టిపారేయడానికి మనసొప్పదు. అలాగని 2022ను మరుగుపరిచి రెండు బిలాలు రుజువైపోయాయని రాసే వ్యాసాలను నమ్మను కూడా.

ఈ తగవు వెనక పెద్ద చిక్కు ఒకటుంది, పదేపదే వచ్చే మెరుపుల గురించి ఏ వార్త చదివినా అది పనికొస్తుంది. బ్లేజార్ వెలుగు ఊరికే పెరుగుతూ తగ్గుతూ ఉండే రకం. నిదానమైన మార్పులు పెద్దవి, వేగమైనవి చిన్నవి. అలాంటి దారీ తెన్నూ లేని ఊగిసలాటలో రెండు మూడు అలలు చూస్తే ఎవరికైనా చక్రంలా కనిపిస్తుంది. పోగయిన ఏళ్లు తక్కువైతే మోసపోవడం ఖాయం. దీనికి తోడు నేల మీది టెలిస్కోపులకు రుతువుల బెడద. మన జిల్లాల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం మూతే. అక్టోబరు, నవంబరుల్లో బీఎల్ లాసెర్టే, 3సీ 454.3 చక్కగా నెత్తిన ఉండే రోజుల్లోనే తుపాన్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఊళ్లు చీకటైనా టెలిస్కోపుకు చార్జింగు లేదు. ఏటా ఇలా ఒకే నెలల్లో ఖాళీ పడే లెక్కల్లోంచి ఏడాది చక్రమో, రెండేళ్ల చక్రమో బయటికొస్తే ముందు అనుమానించాల్సింది కృష్ణబిలాన్ని కాదు, మన వానాకాలాన్ని.

అందుకే పీజీ 1553+113 అనే బ్లేజార్ విషయంలో ఇంత పట్టింపు. దానిలో సుమారు 2.2 ఏళ్ల చక్రం ఉందని 2015లో ఫెర్మీ బృందం ప్రకటించింది. ఫెర్మీ 2008 జూన్ నుంచి అంతరిక్షంలో ఉంది, మొత్తం ఆకాశాన్ని మూడు గంటలకోసారి చూస్తుంది. దానికి వానాకాలం లేదు. 2.2 అన్న అంకె మన ఏడాది ఖాళీలతో కూడా కలవదు. ఒక్కో చక్రం పూర్తి కావడానికి రెండేళ్ల పైన పడుతుంది కాబట్టి, ఇది నిజమైన చక్రమా కాదా అన్నది తేలడానికి ఇంకా చాలా మెరుపులు లెక్కకు రావాలి.